పిల్లల చదువు, పన్ను వాపసు, దాటిన గడువు

జనవరి మాసము ప్రవేశించుసరికి బౌద్ధనగర్, సీతాఫల్‌మండి, తార్నాక ప్రాంతములలోని ఉద్యోగుల ఇండ్లలో ఒక వెదుకులాట ఆరంభమగును. బీరువా అరలు, పాత సంచులు, పిల్లల పుస్తకముల బొత్తులు అన్నియు ఒకసారి నేలపైకి దిగును. పాత పన్ను పద్ధతిని ఎన్నుకొనినవారు పిల్లల బడిజీతము కట్టిన రశీదులను ఫలాని తేదీలోపల దాఖలు చేయవలయునని ఆఫీసులలో నోటీసు పెట్టియుందురు. లాలాగూడ రైల్వే వర్కుషాపులో పనిచేయువారైనను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేయువారైనను, హబ్సిగూడ పరిశోధనశాలలవారైనను ఈ వరుస ఒకటే. రశీదు దొరికినచో సరి. దొరకనిచో ఫిబ్రవరి, మార్చి నెలల జీతములలో పన్ను కోత పడును.

కోతపడిన సొమ్ము ఇక పోయినట్లేయని ఇంటిల్లిపాదియు సమాధానపడుదురు. సర్కారు ఖజానాలో పడినది తిరిగి వచ్చునా అని ఇంటి పెద్ద అనును. అంతలో జూన్ నెల వచ్చును, బడులు తెరతురు, క్రొత్త పుస్తకములు, క్రొత్త యూనిఫారములు, క్రొత్త ఫీజులు. పాత కోత సంగతి మరుగున పడును. రెండు మూడేండ్ల తరువాత ఏదో వెదకుచుండగా ఆ రశీదే చేతికి చిక్కును. "ఇప్పుడేమి ప్రయోజనము?" అని దానిని మరల సంచిలోనే పడవేయుదురు.

ప్రయోజనము కలదు. న్యాయముగ చెల్లింపనక్కరలేని పన్నును మననుండి తీసికొనియున్నచో, గడువు దాటినంతమాత్రమున ఆ సొమ్ముపై మన హక్కు పూర్తిగ నశింపదు. దానిని కోరుటకు చట్టమున ఒక ద్వారము ఉన్నది. అది ఇరుకైన ద్వారము. తగిన కాగితములు లేనివారికి తెరువబడదు. ఆ ద్వారమును గూర్చియే నేడు మేము ముచ్చటింపనెంచితిమి.

బిడ్డలు గల గృహస్థునకు పన్నులో కొంత వెసులుబాటు చూపుట మన దేశమునకు క్రొత్త గాదు. భారత ఆదాయపు పన్ను చట్టము హైదరాబాదు రాష్ట్రమునకు 1950 ఏప్రిల్ 1 నుండి వర్తించినది. 1957లో టి. టి. కృష్ణమాచారిగారు ఆర్థికమంత్రిగ నుండి ప్రవేశపెట్టిన బడ్జెటులో బిడ్డ ఒక్కింటికి 300 రూపాయల చొప్పున ఇద్దరు బిడ్డల వరకు పన్ను లేని మొత్తమును పెంచిరి. వివాహితుడా, బ్రహ్మచారియా, బిడ్డలెందరు అను విచారణ 1970 వరకు పన్ను లెక్కలో ఏదో యొక రూపమున సాగినది. ఆ యేట అందరికిని ఒకే విధముగ 5,000 రూపాయల పరిమితిని ఏర్పరచి ఆ భేదములను తొలగించిరి. అప్పటినుండి, బిడ్డ ఉన్నాడను కారణమునకే ఇచ్చు రాయితీ మనకు లేదు. బిడ్డకై పెట్టిన ఖర్చునకు రాయితీ కలదు. ఈ తేడాను గుర్తింపవలయును; ఏలయన ఖర్చునకు రుజువు కావలయును, రుజువనగా రశీదు.

పాత పద్ధతిలో పన్ను కట్టువారికి 1961 చట్టపు 80సి సెక్షను క్రింద ఇద్దరు బిడ్డల ట్యూషన్ ఫీజు మినహాయింపు లభించును. ప్రావిడెంటు ఫండు, జీవిత బీమా మున్నగువానితో కలిపి ఏడాదికి 1,50,000 రూపాయలు దీని పరిమితి. బడి గాని, కళాశాల గాని, విశ్వవిద్యాలయము గాని భారతదేశమున ఉండవలయును. చదువు పూర్తికాలపు చదువై యుండవలయును. పసిపిల్లల ప్లేస్కూలు, నర్సరీ చదువు సైతము ఇందు చేరును. అభివృద్ధి రుసుము, విరాళము చేరవు. బస్సు, హాస్టలు, పుస్తకములు, భోజనము ట్యూషన్ ఫీజు క్రిందికి రావు. ఏ సంవత్సరపు చదువునకైనను సరే, సొమ్ము ఏ ఆర్థిక సంవత్సరమున కట్టితిమో ఆ సంవత్సరముననే లెక్కకు వచ్చును. భార్యాభర్తలిరువురును ఉద్యోగులైనచో ఎవరు కట్టిన ఫీజు వారు చూపుకొనవచ్చును; ఇద్దరు బిడ్డలను పరిమితి ఒక్కొక్కరికి వేరువేరుగ వర్తించును గనుక నలుగురు పిల్లలున్న యింట కూడ ఎవరికిని అన్యాయము జరుగదు.

మన నగరమున ఇచ్చట ఒక చిక్కు కలదు. ఇంటర్మీడియటు కళాశాలలు పెక్కింట చదువును, పోటీపరీక్షల శిక్షణను, హాస్టలును ఒకే మూటగ కట్టి ఒకే అంకెతో రశీదు నిత్తురు. అట్టి రశీదు పన్ను అధికారి యెదుట నిలువదు. ట్యూషన్ ఫీజు ఎంతయో విడిగ చూపుచు ధ్రువపత్రము నిమ్మని కళాశాలను అడుగవలయును. ఫీజు కట్టుటకు బారులు తీరి నిలుచు తలిదండ్రులు ఈ చిన్న పత్రము నడుగుటకు సంకోచింతురేలనో మాకు బోధపడదు. బిడ్డ కళాశాల విడిచి పోయిన తరువాత దానిని సంపాదించుట మరింత కష్టము.

కాగితము, పెన్సిలు దగ్గరనున్నవారు ఈ లెక్కను వ్రాసికొనవచ్చును. 2021-22 ఆర్థిక సంవత్సరమున ఒక ఉద్యోగి జీతము 6,50,000 రూపాయలనుకొందము. స్టాండర్డు డిడక్షను 50,000, ప్రావిడెంటు ఫండు 60,000 తీసివేయగా 5,40,000 మిగులును. వృత్తిపన్ను వంటి చిల్లర మినహాయింపులను లెక్క సులభమగుటకై విడిచితిమి. పాత పద్ధతిలో దీనిపై పన్ను 20,500. నూటికి 4 చొప్పున సెస్సు 820. మొత్తము 21,320 రూపాయలు జీతమునుండి కోసిరి. ఆ యేట అతడు ఇద్దరు పిల్లలకు చెరి 22,000 చొప్పున 44,000 ట్యూషన్ ఫీజు కట్టెను, కాని రశీదులు వేళకు దొరకలేదు. అవి దొరికియుండినచో ఆదాయము 4,96,000కు దిగును. 5,00,000 మించని ఆదాయమునకు 87ఎ సెక్షను క్రింద రిబేటు ఉన్నందున పన్ను బొత్తిగ లేకుండ పోవును. కోసిన 21,320 రూపాయలును అతనివే. 44,000 విలువగల రెండు కాగితములు దాదాపు అందు సగము సొమ్మును తిరిగి తెచ్చును. రేఖకు కొంచెము పైనున్న మధ్యతరగతి కుటుంబములకే ఈ నష్టము అన్నిటికంటె ఎక్కువగ తగులును. వారే దానిని అడుగుటకు అన్నిటికంటె తక్కువగ సాహసింతురు.

ఇక గడువుల సంగతి. ఆర్థిక సంవత్సరము ముగిసిన మరుసటి ఏడును మదింపు సంవత్సరమందురు. పై ఉద్యోగికి అది 2022-23. ఆఫీసులో రశీదు ఇయ్యకపోయినను, మదింపు సంవత్సరపు జూలై 31లోపల తన రిటర్నులో ఫీజును తానే చూపి వాపసు కోరియుండవచ్చును. ఆఫీసు తేదీ వేరు, చట్టపు తేదీ వేరు అను సంగతి చాలమంది ఎరుగరు. జూలై దాటినను డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చును. 5,00,000 మించని ఆదాయము గలవారికి 1,000 రూపాయలు, మించినవారికి 5,000 రూపాయలు ఆలస్య రుసుము పడును. అదియు దాటినచో మామూలు మార్గము మూసికొనిపోవును. నవీకరించిన రిటర్ను అను మరియొక మార్గమున్నదని కొందరు చెప్పుదురు. అది ప్రభుత్వమునకు అధికముగ పన్ను కట్టదలచినవారికే గాని, వాపసు కోరువారికి గాదు.

అప్పుడు మిగులునది 119వ సెక్షను, రెండవ ఉపవిభాగము, బి ఖండము. నిజమైన కష్టమును తప్పించుటకై గడువు దాటిన వాపసు కోర్కెను సైతము స్వీకరింపుమని అధికారులను ఆదేశించు శక్తిని ఆ ఖండము కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డునకు ఇచ్చినది. 2024 అక్టోబరు 1న బోర్డు వెలువరించిన 11వ సర్క్యులరు ప్రకారము, మదింపు సంవత్సరము ముగిసిన నాటినుండి 5 సంవత్సరములలోపల ఈ అర్జీ పెట్టుకొనవచ్చును. అంతకు పూర్వము ఈ పరిమితి 6 సంవత్సరములు; ఒక ఏడు తగ్గించిరి. మన ఉద్యోగి మదింపు సంవత్సరము 2023 మార్చి 31తో ముగిసినది గనుక అతనికి 2028 మార్చి 31 వరకు అవకాశమున్నది. కోటి రూపాయల వరకు గల కోర్కెలను ప్రిన్సిపల్ కమీషనరు లేక కమీషనరే పరిష్కరింతురు. మన బోటి కుటుంబముల వాపసులు ఆ అంకెకు ఎంత దూరమో చెప్పనక్కరలేదు.

1961 చట్టము స్థానమున 2025 నాటి క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చుటతో కొందరికి కలత కలిగినది. గడచిన సంవత్సరముల పన్ను వ్యవహారములు పాత చట్టము ననుసరించియే నడచును. కనుక ఆ కారణమున పాత రశీదులను పారవేయనక్కరలేదు.

అర్జీని నేడు ఇంటినుండియే ఆదాయపు పన్ను శాఖవారి ఈ-ఫైలింగు పోర్టలు ద్వారా పంపవచ్చును. అందు జాప్యమును మన్నింపుమని కోరు విభాగము వేరుగ నున్నది. రిటర్నులను బెంగుళూరు కేంద్రము పరిశీలించును గాని, ఈ అర్జీ మాత్రము మన పాన్ సంఖ్య ఏ కమీషనరు పరిధిలోనిదో వారికి చేరవలయును. హైదరాబాదులో ఈ కార్యాలయములు బషీర్‌బాగులోని ఆయకర్ భవన్‌లోను, మాసాబ్‌ట్యాంకు సమీపమున ఐటీ టవర్సులోను ఉన్నవి. తార్నాకలో ఇల్లున్నంతమాత్రమున పరిధి ఇచ్చటిదే కానక్కరలేదు. పూర్వము మరియొక ఊర పనిచేసినవారి పాన్ ఆ ఊరి పరిధిలోనే నిలిచిపోయియుండవచ్చును. దానిని ముందుగ పోర్టలులోనే చూచుకొనవలయును.

అర్జీతో ఫారము 16, పన్ను జమ చూపు 26ఎఎస్ పట్టిక, బడివారి రశీదు లేక ధ్రువపత్రము, ఫీజు చెల్లించినట్లు బ్యాంకు ఖాతా నకలు, ఆదాయపు లెక్క, వీనిని జతపరుపవలయును. వీని అన్నిటికంటె ముఖ్యమైనది జాప్యమునకు కారణము. ఇచ్చటనే పెక్కు అర్జీలు వీగిపోవును. "తెలియక ఆలస్యమైనది" అను ఒక్క వాక్యము వ్రాసి ఊరకుందురు. ఆసుపత్రిలో నున్నచో ఆ తేదీలు, డిశ్చార్జి పత్రము. కుటుంబమున మరణము సంభవించినచో మరణపత్రము. బడి మూతపడి రశీదు నకలు దొరకకున్నచో బడివారితో జరిపిన ఉత్తరప్రత్యుత్తరములు. ఇట్లు ప్రతి మాటకు ఒక ఆధారము ఉండవలయును. 2021, 2022 సంవత్సరముల గడువులను కరోనా కాలపు కష్టములవలన జారవిడిచినవారు ఆనాటి పత్రములను భద్రముగ తీయవలయును. ఆలస్యమును మన్నించు విషయమున సాంకేతికమైన చిక్కులకంటె వాస్తవ న్యాయమునకే ప్రాధాన్యము నీయవలయునని సుప్రీంకోర్టు 1987లో కాతిజీ కేసునందు చెప్పినది. ఆలస్యము చేయుటవలన కక్షిదారునకు లాభమేమియు లేదని కూడ ఆ తీర్పు గుర్తించినది. వాపసు కోరువాని విషయమున ఈ మాట మరింత సత్యము. తన సొమ్మును తానే ఆలస్యము చేసికొనువాడెవడు?

అధికారి మూడు సంగతులు చూచును. ఆదాయము వాస్తవముగ ఈ అర్జీదారునిదేనా, వేరొకరిదా? కట్టిన పన్ను నిజముగ అధికమా? కష్టము నిజమా? అర్జీ చేరిన నెల ముగిసినది మొదలు 6 నెలలలోపల సాధ్యమైనంతవరకు నిర్ణయింపవలయునని సర్క్యులరు చెప్పుచున్నది. అనుకూలమైన ఉత్తరువు వచ్చిన పిమ్మట, ఆ ఉత్తరువు సంఖ్యను చూపి రిటర్ను దాఖలు చేయవలయును. 30 దినములలోపల ధ్రువీకరింపవలయును. ఉత్తరువు వచ్చినది గదాయని ఇచ్చట ఆగిపోవువారు కలరు. ఉత్తరువు సొమ్ము గాదు. రిటర్ను వేయుటకు అనుమతి మాత్రమే. బ్యాంకు ఖాతాను కూడ పోర్టలులో ముందే నమోదుచేసి సరిచూచుకొననిచో సొమ్ము త్రోవలో నిలిచిపోవును.

ఇట్లు వచ్చు వాపసుపై వడ్డీ లేదు. వేళకు వేసిన రిటర్ను వాపసు ఆలస్యమైనచో ప్రభుత్వము నెలకు నూటికి అర రూపాయి చొప్పున వడ్డీ నిచ్చును. మన్నింపు పొందినవానికి అదియు లేదు. ఆలస్యము అర్జీదారునిది గనుక వడ్డీ ఏలయని వాదము. అన్ని సంవత్సరములు ఆ సొమ్మును వాడుకొనినది ఖజానాయే గదా యని మాకు తోచును. సర్క్యులరు మాత్రము స్పష్టముగనే ఉన్నది.

2023-24 ఆర్థిక సంవత్సరము మొదలు వ్యవహారము మారినది. నాటినుండి క్రొత్త పన్ను పద్ధతియే సహజ పద్ధతి. ఫీజు మినహాయింపు అందు లేదు. పాత పద్ధతి కావలయుననుకొను జీతగాడు గడువులోపల వేసిన రిటర్నులోనే ఆ మాట చెప్పవలయును. జూలై గడువు దాటి డిసెంబరులో వేసిన రిటర్నులో పాత పద్ధతిని కోరుటకు వీలులేదు. కావున ఆ సంవత్సరము మొదలుకొని పిల్లల ఫీజు రాయితీ కావలయుననువారికి అసలు గడువే ప్రాణము. క్రొత్త పద్ధతిలో రేట్లు తక్కువ, నిజమే; కాని బిడ్డలున్న ఇంటికిని లేని ఇంటికిని అందు తేడా లేదు. 1957 నాటి ఆలోచనకు ఇది చాల దూరము.

రిటర్ను వేసి, అందు ఫీజు చూపుట మరచినవారి సంగతి వేరు. వారు చట్టము విధించిన గడువులోపల సవరించిన రిటర్ను వేయవచ్చును. అదియు దాటినచో, శాఖవారి నిర్ణయము అందిన సంవత్సరములోపల 264వ సెక్షను క్రింద కమీషనరునకు రివిజను అర్జీ పెట్టుకొనవచ్చును.

అన్నిటికంటె ఎక్కువగ విడిచిపెట్టబడుచున్నది వైకల్యము గల బిడ్డల తలిదండ్రులకు రావలసిన మినహాయింపు. 80డిడి సెక్షను క్రింద, తమపై ఆధారపడిన అట్టి బిడ్డ చికిత్సకో శిక్షణకో ఖర్చు చేయు తల్లికి లేక తండ్రికి 75,000 రూపాయలు, వైకల్యము నూటికి 80 పాళ్లు లేక అంతకు మించినచో 1,25,000 రూపాయలు ఆదాయమునుండి తగ్గింతురు. ఖర్చు ఎంతయను ప్రశ్న లేదు. కొంత ఖర్చయినచో చాలును, పూర్తి మొత్తము లభించును. ఇది 80సి పరిమితిలో చేరదు. వైద్యాధికారి ధ్రువపత్రము తప్పక కావలయును. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ వంటి వానికి 10-ఐఎ అను ప్రత్యేక ఫారము కలదు. 1984లో స్థాపితమై సికింద్రాబాదు మనోవికాస్‌నగరులో నడచుచున్న జాతీయ సంస్థకు బిడ్డలను చేతపట్టుకొని వచ్చు తలిదండ్రులను చూచితిమి. బస్సు మారి బస్సు ఎక్కి వచ్చినవారికి ఈ సెక్షను పేరు చెప్పువారెవరు? ఫించను కొరకు, రైలు రాయితీ కొరకు తీసికొనిన ధ్రువపత్రము ఇంటనే ఉండును. పన్నునకు అదియే పనికివచ్చునని తెలియదు. గడచిన సంవత్సరములకు దీనిని కోరనివారు ముందుగ ఆ పత్రముపై నున్న తేదీని, చెల్లుబాటు కాలమును చూడవలయును.

పిల్లల పేర వేసిన బ్యాంకు డిపాజిటులు మరియొక మూల. మైనరు బిడ్డ వడ్డీ, తలిదండ్రులలో ఎవరి ఆదాయము అధికమో వారి ఆదాయముతో కలియును. బిడ్డ ఒక్కింటికి ఏడాదికి 1,500 రూపాయలు మాత్రము మినహాయింతురు. వైకల్యము గల బిడ్డకు ఈ కలుపుట లేదు. తలిదండ్రులు ఇరువురును లేని బిడ్డ ఆదాయము బిడ్డదే. సంరక్షకుడు బిడ్డ తరఫున రిటర్ను వేయవలయును. బిడ్డకు పాన్ లేదని బ్యాంకు 10కి బదులు 20 పాళ్లు కోసియుండుట తరచుగ జరుగును. అమ్మమ్మయో తాతయో మనుమరాలి పెండ్లికని వేసిన డిపాజిటుపై ఇట్లు సంవత్సరముల తరబడి కోతపడుచున్నను ఎవరును గమనింపరు. తల్లి లేక తండ్రి బ్యాంకునకు ముందే డిక్లరేషను ఇచ్చినచో ఆ పన్ను వారి పాన్‌పై జమపడును, వారే వాపసు కోరవచ్చును.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు, రైల్వేవారికి వచ్చు పిల్లల చదువు భత్యము గూర్చి ఒక్క మాట. 2017 జూలై నుండి బిడ్డకు నెలకు 2,250, 2024 జనవరి నుండి 2,812 రూపాయల 50 పైసల చొప్పున ఇద్దరికి ఇచ్చుచున్నారు. 1961 చట్టపు నియమములలో అందు పన్ను లేనిది బిడ్డకు నెలకు నూరు రూపాయలే. నూరు రూపాయలతో నేడు నోటుపుస్తకముల అట్టలైనను రావు.

గడువు దాటిన వాపసు తెప్పింతుమని ఇంటింటికి తిరుగువారిని గూర్చి హెచ్చరిక అవసరము. లేని ఫీజు, లేని విరాళము, లేని వైకల్యము చూపి వాపసు తెచ్చి అందు వంతు పుచ్చుకొనువారు కలరు. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ ఇట్టి దొంగ మినహాయింపులపై దేశవ్యాప్తముగ తనిఖీలు జరిపినది. పట్టుబడినచో ఎగవేసిన పన్నునకు రెండింతల జరిమానా పడును. అది పడునది ఏజెంటుపై గాదు, పాన్ ఎవరిదో వారిపై.

చివరగ, అమెరికాలో పిల్లలున్న మన పెద్దలు తరచుగ అడుగు సంగతి. అచ్చట బిడ్డ ఉన్నందుకే నేరుగ పన్ను తగ్గించు చైల్డ్ టాక్స్ క్రెడిట్ కలదు. 2021లో అది ఆరేండ్ల లోపు బిడ్డకు 3,600 డాలర్ల వరకు పెరిగినది. ఇచ్చటనుండి వీసాపై వెళ్లిన బిడ్డకు సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేక, ఐటీఐఎన్ మాత్రమే ఉన్నచో, 2018 పన్ను సంవత్సరము మొదలు ఈ క్రెడిట్ లభింపదు. దానికి బదులు 500 డాలర్ల వేరొక రాయితీ కలదు. గ్రీన్‌కార్డు వచ్చిన పిమ్మట సంఖ్య వచ్చినను, ఆ యేటి రిటర్ను గడువు నాటికే అది మంజూరై యుండవలయును గనుక వెనుకటి సంవత్సరములకు పనికిరాదు. అమెరికాలో పుట్టి, సంఖ్య సకాలమున పొందిన బిడ్డను రిటర్నులో చూపుట మరచినవారు మాత్రము, రిటర్ను వేసిన నాటినుండి సాధారణముగ 3 సంవత్సరములలోపల సవరణ దాఖలు చేసి ఆ సొమ్ము తెచ్చుకొనవచ్చును. 2021 సంవత్సరమునకు అసలు రిటర్నే వేయనివారికి వాపసు గడువు 2025 ఏప్రిల్ 15తో ముగిసినది.